ఇంగ్లిష్ మాట ముందు చేరే ‘కాదు’ను పోల్చుకోవడం ఎలా

కావలి నుంచి ఒంగోలు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవారికి పెట్రోలు ట్యాంకర్ల వెనుక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని పెద్ద అక్షరాలతో రాసిన హెచ్చరిక తరచుగా కనిపిస్తుంది. ఇంటర్మీడియట్ చదివే మా తమ్ముడి కొడుకు ఒకసారి బస్సులో నా పక్కన కూర్చొని దానిని చదివి, “పెదనాన్నా, ‘ఇన్’ అంటే కాదు అని గదా, మరి పెట్రోలుకు నిప్పంటుకోదని రాశారేమిటి?” అని అడిగాడు. ప్రశ్నలో తప్పు లేదు. వ్యతిరేక పదాల జాబితాలను అతడు చిన్న తరగతుల నుంచి బట్టీ పడుతూనే ఉన్నాడు. ‘కరెక్ట్’కు ‘ఇన్‌కరెక్ట్’, ‘హ్యాపీ’కి ‘అన్‌హ్యాపీ’, ‘ఆనెస్ట్’కు ‘డిసానెస్ట్’ అని అడిగిన వెంటనే చెప్పగలడు. అయితే ఏ మాటకు ఏ ఉపసర్గ చేరుతుందో, చేరినప్పుడు అర్థం ఎటు తిరుగుతుందో, చేరినట్టు కనిపించినా నిషేధం, అంటే ‘కాదు’ అనే అర్థం, లేని మాటలు ఏవో ఆ జాబితాలు చెప్పవు. ఆ మూడు విషయాలను, తెలుగు చదువుకున్నవారికి ఇప్పటికే తెలిసిన వ్యాకరణం ఆధారంగా, ఇక్కడ వివరిస్తాను.

మొదట మన భాషలోనే ఉన్న ఒక సూత్రాన్ని గుర్తు చేసుకోవాలి. న్యాయం కానిది అన్యాయం, ధర్మం కానిది అధర్మం. కాని అర్హత లేకపోవడం ‘అఅర్హత’ కాదు, అనర్హత. అవసరం కానిది అనవసరం, ఉచితం కానిది అనుచితం, ఇష్టం కానిది అనిష్టం. హల్లుతో మొదలయ్యే సంస్కృత పదం ముందు ‘అ’, అచ్చుతో మొదలయ్యే పదం ముందు ‘అన్’ చేరుతుందన్నమాట. గ్రీకు నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటల్లోనూ సరిగ్గా ఇదే పద్ధతి కనిపిస్తుంది. ‘టిపికల్’ కానిది ‘ఎటిపికల్’. ఇక్కడ చేరింది ‘ఏ’ అనే ఒక్క అక్షరమే. పాలన లేని స్థితి ‘అనార్కీ’, స్పర్శజ్ఞానం లేని స్థితి ‘అనస్థీషియా’, రక్తహీనత ‘అనీమియా’, పేరు తెలియనివాడు ‘అనానిమస్’. వీటన్నింటిలో చేరింది ‘ఏ, ఎన్’ అనే రెండు అక్షరాలు. ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద ‘అనీమియా’ అనే మాటను చూసినప్పుడు ‘అనర్హత’ను తలచుకుంటే చాలు, ఆ మాట కట్టుబడి అర్థమవుతుంది.

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ తన ఉపన్యాసంలో ప్రతిపాదించాడు. ఆ తరువాతి భాషాశాస్త్రం దానిని స్థిరపరచింది. ఇంగ్లిష్ కూడా ఆ కుటుంబానిదే. ఇంగ్లిష్ సొంత ఉపసర్గ ‘అన్’, లాటిన్ నుంచి వచ్చిన ‘ఇన్’, గ్రీకు నుంచి వచ్చిన ‘ఏ’, సంస్కృతంలోని ‘అ’ అనేవి ఒకే ఇంటి నుంచి వేర్వేరు ఊళ్లలో స్థిరపడిన అన్నదమ్ములు.

తెలుగు మాత్రం ఆ కుటుంబానిది కాదు. దక్షిణాది భాషలు వేరే కుటుంబమని 1816లోనే ఎల్లిస్ అనే మద్రాసు అధికారి, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలో చూపించాడు. అందువల్ల అచ్చ తెలుగు మాటకు నిషేధం ముందు చేరదు, చివర చేరుతుంది: ఉతకని బట్ట, పండని కాయ, చెల్లించని శిస్తు, అనుకోని చుట్టం. ‘అతీపి’ అనో ‘అచల్లన’ అనో ఎవరైనా అంటే నవ్వుతాము. ఒకే భాషలో మనం రెండు పద్ధతులను, ఏది ఏ మాటకు పొసగుతుందో ఎవరూ చెప్పకుండానే, వాడుతున్నాము. ఇంగ్లిష్ వాళ్లు చేసేదీ అదే. ఇంట్లో పుట్టిన మాటకు ఒక నిషేధం, బయటి నుంచి వచ్చిన పండిత పదానికి మరొకటి.

ఉపసర్గను ఎంచుకోవడానికి ఈ గమనిక చాలావరకు పనికివస్తుంది. ఉతకనిది ‘అన్‌వాష్డ్’, పండనిది ‘అన్‌రైప్’, చూడనిది ‘అన్‌సీన్’, చెల్లించనిది ‘అన్‌పెయిడ్’, అనుకోనిది ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్’. అసాధ్యం ‘ఇంపాసిబుల్’, అసంపూర్ణం ‘ఇన్‌కంప్లీట్’, అదృశ్యం ‘ఇన్‌విజిబుల్’, అవిభాజ్యం ‘ఇన్‌డివిజిబుల్’. మొదటి వరుసకు తెలుగులో ‘-ని’తో ముగిసే మాట సహజంగా కుదిరింది; రెండవ వరుసకు ‘అ-’తో మొదలయ్యే తత్సమం కుదిరింది. ‘అన్‌బిలీవబుల్’, ‘ఇన్‌క్రెడిబుల్’ అనే జంటను చూడండి. రెండింటికీ నమ్మలేనిది అనే అర్థమే. కాని ‘బిలీవ్’ ఇంగ్లిష్ ఇంటి మాట కనుక ‘అన్’ తీసుకొన్నది, ‘క్రెడిబుల్’ లాటిన్ మాట కనుక ‘ఇన్’ తీసుకొన్నది. తప్పించలేనిది అనే అర్థంలో ‘అన్‌అవాయిడబుల్’, ‘ఇన్ఎవిటబుల్’ కూడా ఉన్నాయి, కాని అక్కడ ఈ లెక్క కుదరదు; ‘అవాయిడ్’ ఫ్రెంచి నుంచి వచ్చినా ‘అన్’నే తీసుకొన్నది. ‘అన్’ చాలా కలుపుగోలు ఉపసర్గ. ‘సర్టెన్’, ‘పాప్యులర్’, ‘ఇంపార్టెంట్’ వంటి బయటి మాటలకూ అదే చేరుతుంది. అందువల్ల తెలియని మాట ఎదురై, నిఘంటువు చేతిలో లేనప్పుడు ‘అన్’ను వాడితే తప్పు జరిగే అవకాశం తక్కువ. ముఖ్యంగా మాట చివర ‘-ఇంగ్’ గాని ‘-ఎడ్’ గాని ఉంటే, దాదాపు ఎప్పుడూ ‘అన్’ చేరుతుంది: ‘అన్‌ఇంట్రెస్టింగ్’, ‘అన్‌డిసైడెడ్’.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, పరీక్షల్లో దీనినే అడుగుతారు. విశేషణం ‘అన్’తో ఉండి, దాని నామవాచకం ‘ఇన్’తో ఉండే జంటలు కొన్ని ఉన్నాయి. ‘అన్‌ఏబుల్’ కాని ‘ఇన్ఎబిలిటీ’. ‘అన్‌జస్ట్’ కాని ‘ఇన్‌జస్టిస్’. ‘అన్‌ఈక్వల్’ కాని ‘ఇన్ఈక్వాలిటీ’. ‘అన్‌స్టేబుల్’ కాని ‘ఇన్‌స్టెబిలిటీ’. ఈ నామవాచకాలు లాటిన్, ఫ్రెంచి రూపాలతోనే ఇంగ్లిష్‌లో స్థిరపడగా, విశేషణాలకు ఇంగ్లిష్ తన సొంత ‘అన్’ను తగిలించుకొన్నది. ఈ నాలుగు జంటలను మాత్రం కంఠస్థం చేయడమే మేలు.

ఇక ‘ఇన్’ వేసుకొనే వేషాల సంగతి. ‘పాసిబుల్’కు ముందు ‘ఇం’, ‘లీగల్’కు ముందు ‘ఇల్’, ‘రెగ్యులర్’కు ముందు ‘ఇర్’ వస్తాయని పుస్తకాలు నాలుగు వేర్వేరు ఉపసర్గలుగా చూపించి పిల్లలను భయపెడతాయి. నా దృష్టిలో అది అనవసరమైన బరువు. ఉన్నది ఒకే ఉపసర్గ, దానికి సంధి జరిగింది, అంతే. దీనిని అర్థం చేసుకోవడానికి కందుకూరు, కంభం అనే రెండు ఊళ్ల పేర్లు చాలు. రెండింటిలోనూ తెలుగులో రాసేది సున్నయే. పలికేటప్పుడు మాత్రం కందుకూరులోని సున్న ‘న్’గాను, కంభంలోని సున్న ‘మ్’గాను వినిపిస్తుంది, ఎందుకంటే తరువాత వచ్చే ‘భ’ కోసం పెదవులు ముందుగానే మూసుకొంటాయి. ఇంగ్లిష్‌లో కంభాన్ని ‘ఎమ్’తో రాస్తారు, కందుకూరును ‘ఎన్’తో రాస్తారు. మనం సున్నతో దాచేసిన మార్పును ఇంగ్లిష్ అక్షరంతో బయటపెడుతుంది. కనుక తరువాతి అక్షరం పీ, బీ, ఎమ్ అయితే ‘ఇన్’ కాస్తా ‘ఇమ్’ అవుతుంది: ‘ఇంపాసిబుల్’, ‘ఇంబ్యాలెన్స్’, ‘ఇమ్మోరల్’. తరువాత ఎల్ వస్తే, ఉత్ అనేది లాసంతో కలిసి ఉల్లాసం అయినట్టే, ‘ఇన్’ కూడా ‘ఇల్’ అవుతుంది: ‘ఇల్లీగల్’, ‘ఇల్లిటరేట్’. ఆర్ ముందు ‘ఇర్’: ‘ఇర్రెగ్యులర్’, ‘ఇర్రెస్పాన్సిబుల్’. ‘అన్’కు మాత్రం రాతలో ఈ సంధి జరగదు. ‘అన్‌పాప్యులర్’, ‘అన్‌లక్కీ’, ‘అన్‌రియల్’ అనేవి ఎప్పుడూ ‘ఎన్’తోనే రాయాలి.

స్పెల్లింగ్ తప్పులు కూడా ఈ సంధి తెలిస్తే చాలావరకు తొలగిపోతాయి. ఉపసర్గ చేరినప్పుడు అసలు మాటలోని ఒక్క అక్షరమూ పోదు, కొత్తది ఒక్కటీ రాదు. ‘డిస్’ చివర ఒక ఎస్, ‘శాటిస్‌ఫైడ్’ మొదట ఒక ఎస్. కనుక ‘డిస్‌శాటిస్‌ఫైడ్’లో ఆ రెండూ కలిసే చోట రెండు ఎస్‌లు రావాలి. ‘అపియర్’ ఏ అక్షరంతో మొదలై రెండు పీలతో సాగుతుంది. కనుక ‘డిసపియర్’లో ఎస్ ఒకటే, పీలు రెండు. ‘డిసపాయింట్’ కూడా అంతే. సెలవు చీటీల్లోనూ దరఖాస్తుల్లోనూ ఈ రెండు మాటలను రెండు ఎస్‌లతో, ఒక పీతో రాసినవి నేను లెక్కలేనన్ని చూశాను. ‘అన్‌నెసెసరీ’ మొదట్లో రెండు ఎన్‌లు, ‘మిస్‌స్పెల్’లో రెండు ఎస్‌లు. చివరి మాటనే తప్పుగా రాసేవారు ఎక్కువ కావడం ఒక వింత.

ఇప్పుడు ట్యాంకరు దగ్గరకు రావాలి. లాటిన్‌లో ‘ఇన్’ అనే రూపంలో రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి ‘కాదు’, రెండవది ‘లోపలికి’. కృష్ణపట్నం ఓడరేవులో ‘ఇంపోర్ట్’ అంటే సరుకును లోపలికి మోసుకురావడం. అక్కడ ‘ఇం’కు నిషేధంతో సంబంధం లేదు. ‘ఇన్‌స్పెక్ట్’ అంటే లోపలికి చూడడం. పెన్నా కాలువల కింద సేద్యం చేసే రైతులందరికీ తెలిసిన ‘ఇరిగేషన్’ మొదటి ‘ఇర్’ కూడా ఇదే. లాటిన్‌లో ‘రిగారే’ అంటే తడపడం, ‘ఇన్’తో కలిస్తే పొలంలోకి నీరు పారించడం. ‘ఇన్‌ఫ్లేమబుల్’ ఈ రెండవ ‘ఇన్’తో పుట్టింది, కనుక దాని అర్థం మంట అంటుకొనేది అనే. ఈ మాట ప్రమాదకరంగా తప్పుదారి పట్టిస్తోందని అమెరికాలోని అగ్నిప్రమాద నివారణ సంస్థ 1920లలోనే ‘ఫ్లేమబుల్’ అని రాయడాన్ని ప్రోత్సహించింది. ఇప్పుడు రెండు మాటలూ ఒకే అర్థంతో వాడుకలో ఉన్నాయి. మంటకు అంటుకోనిదానిని ‘నాన్-ఫ్లేమబుల్’ అనాలి.

రెండు ‘ఇన్’లను విడదీయడానికి నేను పాటించే పరీక్ష ఇది: ఉపసర్గను కోసి, మిగిలిన మాటను ‘కాని’ అనే తెలుగు మాటతో కలిపి చదవాలి. ‘కరెక్ట్ కానిది’ అంటే అర్థం కుదిరింది, కనుక నిషేధమే. ‘పోర్ట్ కానిది’ అంటే అర్థం కుదరలేదు, కనుక నిషేధం కాదు. ‘అంకుల్’, ‘అండర్’ వంటి వాటిని కోస్తే మిగిలేది అసలు మాటే కాదు. ‘ఇన్‌ఫ్లేమబుల్’ మాత్రం ఈ పరీక్షను మోసం చేస్తుంది, ‘ఫ్లేమబుల్ కానిది’ అంటే అర్థం కుదిరినట్టే ఉంటుంది గనుక. దానిని విడిగా గుర్తుంచుకోవలసిందే. ఇందుకు ఎదురు దిక్కున, నిషేధం ఉండి కూడా పైకి కనిపించని మాటలున్నాయి. పసిబిడ్డ అనే అర్థమిచ్చే ‘ఇన్‌ఫెంట్’కు లాటిన్‌లో మాటలాడలేనిది అని అర్థం. ‘ఎనిమీ’ కూడా ‘స్నేహితుడు కానివాడు’ అనే లాటిన్ మాట అరిగిపోయి మిగిలిన రూపమే.

నిషేధమే అయినా అర్థం తలకిందులుగా తోచేది ‘ఇన్‌వాల్యుయబుల్’. విలువలేనిది అని రాసి మార్కులు పోగొట్టుకొన్నవారు ఎందరో. తెలుగువారు ఈ తప్పు చేయకూడదు, ఎందుకంటే మనకు ‘అమూల్యం’ ఉంది. అమూల్యమైన సలహా అంటే పనికిరాని సలహా అని మనలో ఎవరూ అనుకోరు. వెల కట్టలేనంత గొప్పదని అర్థం చేసుకొంటాము. ‘ఇన్‌వాల్యుయబుల్’ అక్షరాలా అదే. నిజంగా విలువలేనిదానికి ‘వాల్యూలెస్’, ‘వర్త్‌లెస్’ అనే మాటలున్నాయి. అలాగే ‘ఇన్‌ఫమస్’ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు మోసినవాడు. దాని ఉచ్చారణ కూడా మారుతుంది: ‘ఫేమస్’లోని ‘ఫే’ ‘ఇన్‌ఫమస్’లో ‘ఫ’గా కుదించుకుపోతుంది, ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటి అక్షరం మీద పడుతుంది. ‘ఫైనైట్’ కూడా ఇలాగే ‘ఇన్‌ఫినిట్’ అవుతుంది.

క్రియల ముందు చేరే ‘అన్’ను విశేషణాల ముందు చేరే ‘అన్’గా భావించకూడదు, రెండూ పుట్టుకలోనే వేరు. ‘నేను తలుపుకు తాళం వేయలేదు’ అనేది ఒక మాట, ‘తాళం తీశాను’ అనేది మరొక మాట. ‘అన్‌లాక్’ అంటే రెండవదే. జరిగిన పనిని వెనక్కి తిప్పడం ఈ ‘అన్’ పని: ‘అన్‌టై’ ముడి విప్పడం, ‘అన్‌ప్యాక్’ మూట విప్పడం. తెలుగులో దీనికి ఉపసర్గ లేదు, విప్పు, తీయి, ఊడదీయి అనే క్రియలే ఉన్నాయి. కనుక అనువదించేటప్పుడు ‘అ-’ కోసం వెతకకూడదు. ఈ రెండు ‘అన్’ల వల్ల ‘అన్‌లాకబుల్’ అనే మాటకు రెండు అర్థాలు వచ్చాయి: తాళం వేయడానికి వీలులేనిది, తాళం తీయడానికి వీలైనది. వాక్యం చూస్తే తప్ప ఏదో చెప్పలేము.

‘డిస్’ లక్షణం కూడా ఇందుకు దగ్గరగానే ఉంటుంది. లాటిన్‌లో దానికి వేరుగా, దూరంగా అనే అర్థం. అందువల్ల అది ఊరకే లేదనడం కంటే, ఉన్నదాని నుంచి తొలగడాన్నో ఎదురు నిలవడాన్నో ఎక్కువగా చెబుతుంది. బిల్లు కట్టకపోతే కరెంటు ‘డిస్‌కనెక్ట్’ చేస్తారు; అసలు సంబంధమే లేని రెండు విషయాలు ‘అన్‌కనెక్టెడ్’. ‘డిసొబే’ అంటే మాట వినకపోవడం మాత్రమే కాదు, ధిక్కరించడం. ఈ తేడాను ఒకే మాట మీద చూడాలంటే ‘యూజ్డ్’ను తీసుకోవచ్చు. కొని పెట్టెలో అలాగే ఉంచిన గడియారం ‘అన్‌యూజ్డ్’, అంటే వాడనిది. మన తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువలో ఒకప్పుడు సరుకుల పడవలు తిరిగేవి, ఇప్పుడు తిరగవు. అది ‘డిస్‌యూజ్డ్’, అంటే వాడకం మానేసినది. ఇచ్చిన పనికి కాక వేరే పనికి ఖర్చుపెట్టిన నిధి ‘మిస్‌యూజ్డ్’, అంటే దుర్వినియోగమైనది. ‘మిస్’ నిజానికి లేదని చెప్పదు, తప్పుగా జరిగిందని చెబుతుంది. తెలుగులో దుర్, దుష్, అప అనేవి దాని స్థానంలో నిలుస్తాయి: దుర్వినియోగం, దుష్ప్రవర్తన, అపార్థం.

‘అన్‌ఇంట్రెస్టెడ్’, ‘డిస్‌ఇంట్రెస్టెడ్’ అనే జంటలో పత్రికలవారు సైతం తడబడుతుంటారు. మొదటిది ఆసక్తి లేనివాడు. రెండవది ఆ విషయంలో తనకు స్వప్రయోజనం లేనివాడు, కనుక నిష్పక్షపాతంగా తీర్పు చెప్పగలవాడు. గట్టు తగాదా తీర్చే పెద్దమనిషి ‘డిస్‌ఇంట్రెస్టెడ్’గా ఉండాలి, ‘అన్‌ఇంట్రెస్టెడ్’గా ఉంటే మధ్యలో నిద్రపోతాడు.

‘డీ’ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2016 నవంబరు 8న ప్రకటించిన ‘డీమోనిటైజేషన్’ దానిని అందరికీ నేర్పింది. ఉన్న హోదానో గుణాన్నో తీసివేయడం దాని పని. ‘యాంటీ’ లేమిని కాదు, విరోధాన్ని చెబుతుంది. రొయ్యల గుంటల వారికి ‘యాంటీబయోటిక్’ తెలియనిది కాదు.

‘నాన్’ మాత్రం ప్రత్యేకంగా చూడదగినది. దానికి సరైన తెలుగు ‘అ-’ కాదు, ‘ఇతర’. వ్యవసాయేతర భూమి ‘నాన్-అగ్రికల్చరల్’, ప్రభుత్వేతర సంస్థ ‘నాన్-గవర్నమెంటల్’. అది ఒక వర్గంలో లేదని చెబుతుంది తప్ప మంచిచెడ్డలు ఎంచదు. నెల్లూరు చేపల పులుసును ‘నాన్-వెజ్’ అన్నప్పుడు దానిని పొగడడమూ లేదు, తెగడడమూ లేదు. మన వాడుకలో అది ఒక పట్టిక పేరు. ‘నాన్-హ్యూమన్’ అంటే మానవేతరం, పశుపక్ష్యాదులకు చెందినది. ‘ఇన్‌హ్యూమన్’ అంటే అమానుషం. మొదటిది ఆవుకు వర్తిస్తుంది, రెండవది ఆవును హింసించే మనిషికి వర్తిస్తుంది. ‘ఏమోరల్’, ‘ఇమ్మోరల్’ మధ్య కూడా ఇటువంటి అంతరమే ఉంది: నీతి అనే ప్రశ్నే తగలనిది మొదటిది, నీతి తప్పినది రెండవది.

బ్యాంకులోనూ ఫోనులోనూ రోజూ ఎదురయ్యే కొన్ని మాటలకు ఇప్పుడు అర్థం సులభంగా తేలుతుంది. ‘ఇన్‌సఫిషియంట్ బ్యాలెన్స్’ అంటే డబ్బు లేదని కాదు, చాలినంత లేదని. ‘ఇన్‌వాలిడ్ పిన్’ అంటే చెల్లని సంఖ్య. అదే అక్షరాలను మొదటి అక్షరం మీద ఊనికతో పలికితే మంచం పట్టిన రోగి అనే వేరే మాట అవుతుంది. ‘ఇన్ఆపరేటివ్ అకౌంట్’ అంటే రెండేళ్లకు పైగా ఖాతాదారు లావాదేవీ ఏదీ జరపని ఖాతా. మూసేసినది కాదు, వివరాలు ఇచ్చి తిరిగి నడిపించుకోవచ్చు. ‘ఇల్లెజిబుల్’ అంటే చేతిరాత పోల్చుకోలేనిది; అక్షరాలు స్పష్టంగా ఉండి, చదవబుద్ధి కానంత విసుగు పుట్టించే పుస్తకం ‘అన్‌రీడబుల్’.

వార్తల్లో ‘నాట్ అన్‌కామన్’ వంటి రెండు నిషేధాలు కనిపించినప్పుడు కంగారు పడనక్కరలేదు. అది మన ‘లేకపోలేదు’ వంటిది. అనుమానం లేకపోలేదు అంటే అనుమానం ఉంది, కాని గట్టిగా అనడం లేదు. ‘నాట్ ఇంపాసిబుల్’ అంటే సాధ్యమేనని ఒప్పుకొంటూనే కష్టమని సూచించడం.

సాధన కోసం ఒక పుస్తకంలో రోజుకు ఐదు మాటలు రాసుకోవాలి. ప్రతి మాట పక్కన ఉపసర్గ తీసివేసిన మూలపదం, దానికి తెలుగు అర్థం, ఆ తరువాత మొత్తం మాటకు తెలుగు అర్థం ఉండాలి. చివరి గడిలో ‘అ-’, ‘-ని’, ‘ఇతర’, ‘దుర్’, ‘విప్పు’ అనే వాటిలో ఏది కుదిరిందో గుర్తు పెట్టాలి. మూలపదం రాయకుండా అర్థం ఒక్కటే రాసుకొంటే జాబితా పెరుగుతుంది తప్ప పోలిక పట్టుబడదు. మొదటి రోజుకు మెట్ట ప్రాంతపు భూముల లెక్కల్లో కనిపించే ‘అన్‌ఇరిగేటెడ్’తో మొదలుపెట్టమని మా తమ్ముడి కొడుకుకు ఇచ్చాను. అతడు ముందు ‘అన్’ను కోశాడు, మిగిలిన ‘ఇర్’ను చూసి కొంచెంసేపు ఆగాడు. “ఇది ‘కాదు’ కాదు పెదనాన్నా, ‘లోపలికి’. ముందున్నదొక్కటే ‘కాదు’” అని, పక్క గడిలో ‘నీరు పారని’ అని రాశాడు.